నల్ల లుంగీ మీద కొబ్బరి నీళ్లు

“గా నలభై ఒక్క రోజులే నేను కాపురం జేసిన తమ్మీ. మిగిలిన ఏడాదంత కావలి గాసిన.”

వెంకటనర్సమ్మ ఈ మాట నన్ను చూసి అనలేదు. ఒడిలోని చిక్కుడుకాయలను చూసి అంది. ఈనె తీయడం, రెండుగా తుంచడం, గిన్నెలో వేయడం. గిన్నె అప్పటికే సగం నిండింది. ఇంట్లో ఇప్పుడు తినే మనిషి ఆమె ఒక్కతే. ఒక్క మనిషికి ఎన్ని కాయలు సరిపోతాయో ఆమె చేతులకు ఇంకా తెలిసిరాలేదు.

“అందరాడోళ్లు ఏమంటరు? మొగడు మాల ఏసిండు, ఇగ నలభై దినాలు దూరమే అని నవ్వుకుంటరు. నాకు గప్పుడే మొగడు దొరికేటోడు. ఆయన గా గోడ పక్కన చాప మీద, నేను గీ తలుపు కాడ. నడుమ రెండు గజాలు. అయినా ఇంట్ల మనిషి ఉన్నట్టుండేది.”

నాచారం పారిశ్రామికవాడ ప్రహరీ వెనక వీధిలో ఒకే కప్పు కింద రెండు పోర్షన్లు మావి. ఆరేళ్లుగా వాళ్లకూ నాకూ మధ్య ఒక్క ఇటుక గోడ. ఆ ఇంటి సంవత్సరమంతా నాకు చెవులతోనే తెలుసు. కార్తీకంలో తెల్లవారుజామున చన్నీళ్లు కుమ్మరించుకునే చప్పుడు, ఆ వెంటనే కొమురెల్లి బొంగురు గొంతుతో శరణుఘోష, ఆమె “స్వామీ, దీపం పెట్టిన” అనడం. కార్తీకం దాటి మాల తీశాక వేరే చప్పుళ్లు.

ఈ కార్తీకంలో ఏ చప్పుడూ లేదు. కొమురెల్లి పన్నెండు రోజులుగా సికింద్రాబాదు అవతల ఒక దవాఖానలో, మందు మాన్పించే వార్డులో ఉన్నాడు. ఆమె ఇంతవరకు చూడటానికి వెళ్లలేదు. రావద్దని ఆయనే చెప్పి పోయాడు. రేపు ఆదివారం నేను వెళ్దామనుకుంటున్నానని చెప్పడానికి వచ్చి గడప దగ్గర కూర్చున్నాను. పొద్దు తిరిగిపోయింది. ఆమె చెబుతూనే ఉంది.

ఇద్దరిదీ ఆలేరు దగ్గరి పల్లె. పెళ్లయిన కొన్నేళ్లకు ఉప్పల్‌లో ఒక మోటార్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని దొరికి కొమురెల్లి ముందు వచ్చాడు, వెనకాల చంటిబిడ్డ దీపతో ఆమె వచ్చింది. అప్పటి కొమురెల్లి గురించి ఆమె ఎక్కువ చెప్పదు. చేయి మంచిదట. బేరింగు చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, ఎక్కడ అరిగిందో చెప్పేవాడట. రెండువేల మూడులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తాగుడు అంతకు ముందే ఉంది, కానీ డ్యూటీ కోసమని పొద్దున పూట ఆగేది. డ్యూటీ పోయాక దానికి పొద్దూ మాపూ లేకుండా పోయింది. వెల్డింగు షెడ్డులో కుదిరాడు. చేయి వణికితే అతుకు నిలవదు. అక్కడా ఎక్కువ రోజులు ఉంచుకోలేదు.

ఆమె ఒక మందుల కంపెనీలో ప్యాకింగు. బెల్టు మీద గోలీల షీట్లు వరసగా వస్తుంటాయి. ఏ షీటులోనైనా ఒక గుంత ఖాళీగా ఉంటే చూసి తీసి పక్కన పడేయాలి. పదహారేళ్లుగా అదే పని.

“సూపర్‌వైజర్ కండ్లద్దాలు పెట్టుకోని చూసినా దొరకనిది నాకు దొరుకుతది. బెల్టు ఎంత జోరుగ పోనీ, ఖాళీ నా కండ్లల్ల పడ్డట్టే. ఇంట్ల ఖాళీ మాత్రం ఇన్నేండ్లు చూసుకుంట చూడనట్టే ఉన్న.”

మాల సంగతి కొమురెల్లికి మొదట చెప్పింది హన్మయ్య గురుస్వామి. ఆయనకు రామంతాపూర్ చెరువు దిక్కు సైకిల్ షాపు. పాత సైకిలు బాగుచేయించుకోవడానికి వెళ్లిన కొమురెల్లితో, ఒక్క మండలం దీక్ష పట్టి చూడమన్నాడట. కొమురెల్లి పట్టాడు. శనివారం పొద్దున మాల పడితే, శుక్రవారం రాత్రి తాగిందే చివరిది. రెండు మూడు రోజులు చెమటలు పట్టి, చేతులు వణికి, అన్నం సయించక, తర్వాత సర్దుకున్నాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. మరుసటి ఏడు మళ్లీ. అట్లా ప్రతి ఏడూ. వీధిలో అందరూ అనేది ఒక్కటే, మనసు పెడితే మానగలిగే మనిషి అని. ఆమె కూడా అదే నమ్మింది. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ ఆ నలభై ఒక్క రోజుల కోసం ఎదురుచూసింది.

“మాల మీద ఉంటే నన్ను మాత అనేటోడు. కూరల ఉప్పు తక్కువైతే, మాతా, జర ఉప్పు, అనేటోడు. ఉత్త దినాలల్ల ఉప్పు తక్కువైతే పల్లెం గోడకు.” చేతిలోని కాయను తుంచకుండా ఆపి, మొదటిసారి నా వైపు చూసింది. “నీకు ఇనబడేది గదా?”

వినబడేదన్నాను. ఆ గోడకు అవతలి వైపే నా మంచం.

“ఇనబడుతదని తెలుసు. ఏనాడు అడగకపోతివి.”

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి మళ్లీ కాయలు తీయడంలో పడింది.

శబరిమల పోయి వచ్చాక మాల తీసేవాడు. నల్ల లుంగీ, నల్ల చొక్కా ఆమె ఉతికి వాకిట్లో తీగ మీద ఆరేసేది. అవి ఆరకముందే ఆయన తాగి వచ్చేవాడు. ఎనిమిదేళ్లలో ఒక్క ఏడు మాత్రం లుంగీ ఆరి, మడత పెట్టి, సందుగులో పెట్టేదాకా రాలేదట. ఆ ఏడు ఆమె ఉప్పల్‌లో బొట్టు పెట్టిన గుమ్మడికాయ కొని తెచ్చి గుమ్మానికి కట్టింది. కట్టిన రోజు సాయంత్రమే వచ్చాడు.

దీప పెళ్లి చెంగిచెర్లలో మహిపాల్ కొడుకుతో జరిగింది. మహిపాల్‌ది టెంట్ హౌస్, పరువు కలిగిన మనిషి. పెళ్లి పందిట్లోనే పెళ్లికూతురు తండ్రి తాగి కింద పడ్డాడు. నలుగురు పట్టి బయటికి తీసుకుపోవలసి వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లు వియ్యంకులు ఈ గడప తొక్కలేదు. దీపను ఆదివారాలు పంపేవాళ్లు, అంతే.

మహిపాల్ ఇంట్లో ఏటా కార్తీకంలో పడిపూజ. చెక్కతో పద్దెనిమిది మెట్లు కట్టి, పువ్వులు పరిచి, మెట్టు మెట్టుకూ కర్పూరం వెలిగిస్తారు. రెండువేల పదిలో హన్మయ్య గురుస్వామిని పిలిచి, ఆయనతో ఉన్న స్వాములందరినీ రమ్మన్నారు. స్వాములతో పాటు కొమురెల్లి. మాల మీద ఉన్నవాణ్ణి వద్దనలేరు కదా. శనివారం పొద్దున మాల పడింది. ఆదివారం సాయంత్రం పూజ.

అప్పటికి ఆయన ఒకటిన్నర రోజులుగా ఏమీ తినలేదు. నల్ల చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. భజన ఊపందుకుంది. హారతి పైమెట్టుకు చేరే వేళకు కొమురెల్లి ఒళ్లు ఒక్కసారి కర్రలా బిగుసుకుంది. కళ్లు పైకి పోయాయి. చేతులూ కాళ్లూ కొట్టుకోవడం మొదలైంది. ఎవరో స్వామి వచ్చిండన్నారు. భజన ఆగలేదు, ఇంకా పెరిగింది. ఆడవాళ్ల వరుసలోంచి వెంకటనర్సమ్మ లేచి ఉరికింది. ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. అప్పుడు చూసింది. లుంగీ ముందు భాగం తడిసి ఉంది. తడి ఇంకా పాకుతోంది.

“నేను ఏం ఆలోచించలేదు తమ్మీ. పక్కన కొబ్బరి నీళ్ల చెంబు ఉన్నది. చేతికి అందింది. శాంతించు స్వామీ, శాంతించు స్వామీ అనుకుంట నడుం మీదికెల్లి కాళ్ల దాక పోసిన. నన్ను చూసి ఇంకో ఆమె పసుపు నీళ్లు పోసింది. ఇంకొకామె పన్నీరు చల్లింది. ఇగ ఎవలకు తెలుస్తది.”

అందరూ మొక్కారు. మహిపాల్ వంగి కాళ్లు పట్టుకున్నాడు. దీప సంతోషంతో ఏడ్చింది. వెంకటనర్సమ్మ మాత్రం మొక్కలేదు. చేతులు తడిగా ఉన్నాయని తనకు తాను చెప్పుకుందట.

ఆయన రెండు గంటలు ఒళ్లు తెలియని నిద్రపోయాడు. లేచాక నాలుక ఎందుకు నొస్తోందని అడిగాడు. కొరుక్కున్నాడని ఎవరూ అనలేదు, స్వామి వచ్చి పోయిండని మహిపాల్ చేతులు జోడించి చెప్పాడు. కొమురెల్లి తన లుంగీ వైపు చూసుకున్నాడు. అంచు పట్టుకుని వాసన చూశాడు. తర్వాత వెంకటనర్సమ్మ వైపు ఒక్కసారి చూశాడు. ఆమె కింద రాలిన పువ్వులు ఏరుతోంది.

అక్కడినుంచి ఆయనకు ఒక పేరు వచ్చింది. ఉప్పల్‌లో ఫిట్టర్ అన్న పేరు పోయాక, వీధిలో తాగుబోతు అన్న పేరు తప్ప ఇంకో పేరు లేని మనిషికి, చెంగిచెర్లలో స్వామి అన్న పేరు. మాల లేని రోజుల్లో కూడా అక్కడివాళ్లు అట్లాగే పిలిచేవాళ్లు. తాగి ఉన్నా దూరం నుంచి దండం పెట్టి తప్పుకునేవాళ్లు. వెంకటనర్సమ్మ వెళ్తే కుర్చీ వేసేవాళ్లు. మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఎట్లా అనిపించిందని అడిగాను.

“మంచిగనే అనిపించింది. అబద్ధమెందుకు చెప్పాలె.”

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మెతో నెలన్నర పనుల్లేవు. కొమురెల్లి పొద్దు పొడిచింది మొదలు తాగాడు. సమ్మె అయిపోయి కార్తీకం వచ్చింది, మాల పడింది, మరునాడు పడిపూజ. ఈసారి చూడటానికి బోడుప్పల్ నుంచి కూడా జనం వచ్చారు. స్వామి వచ్చాడు. వెంకటనర్సమ్మ కొబ్బరి నీళ్ల చెంబు ముందుగానే పక్కన పెట్టుకుని కూర్చుంది.

మూడో ఏడు ఆయన మెట్ల మీదికే పడ్డాడు. నుదురు చీరుకుపోయి రక్తం కారింది. ఏఎస్ రావు నగర్‌లో ఒక చిన్న క్లినిక్‌కు తీసుకుపోయారు. డాక్టర్ కమలకుమారి కుట్లు వేసి, అందరినీ బయటికి పంపి, ఆమె ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుంది. ఎప్పుడు పడ్డాడు, మందు ఎప్పుడు ఆపాడు, పోయిన ఏడు కూడా ఇట్లా అయిందా, ఆపిన ఎన్నో రోజు అయింది. ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాసుకుంది. రాసింది రెండుసార్లు చదువుకుని, ఆ కాగితం వెంకటనర్సమ్మ చేతికిచ్చింది.

“ఇవి ఫిట్సమ్మా,” అందట. “ఇన్నేళ్లు రోజూ తాగిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆపితే వస్తాయి. ఏటేటా పెరుగుతున్నాయి. మాల వేసుకోవద్దని నేను చెప్పను. కానీ ముందు దవాఖానలో పడుకోబెట్టి, మందులిస్తూ ఆపించాలి. ఇంటి దగ్గర మళ్లీ ఇట్లాగే ఆపితే, మనిషి దక్కకపోవచ్చు.”

క్లినిక్ బయట బెంచీ మీద మహిపాల్, దీప, మిగతా స్వాములు కూర్చుని ఉన్నారు. లోపల ఏమన్నారని అడిగారు. కుట్లు పదిరోజులకు ఇప్పాలన్నదని చెప్పింది వెంకటనర్సమ్మ.

“తాగితే సస్తడని భయపడుకుంట బతికిన తమ్మీ. మానితే గూడ సస్తడని నాకు ఎవలు చెప్పిన్రు? కార్తీకం ఎప్పుడొస్తదా అని దినాలు లెక్కవెట్టుకునేదాన్ని. గా కార్తీకమే మీదికి వస్తాంటే క్యాలెండర్ దిక్కు చూసుడు బందు పెట్టిన.”

ఈ సంగతిని ఆమె పది నెలలు ఒక్కతే మోసింది. బెల్టు ముందు నిలబడి ఖాళీ గుంతలు ఏరుతూ, మనసులో మాటలు పేర్చుకునేది. ఇంటికి వచ్చేసరికి ఆయన వినే స్థితిలో ఉండేవాడు కాదు. ఉన్న పూట చెప్పింది. డాక్టరమ్మ చెప్పిందంతా, ఆమె చెప్పిన వరసలోనే చెప్పింది. కొమురెల్లి అరవలేదు. నలభై ఒక్క దినాలు మానెటోణ్ని తాగుబోతంటవా అన్నాడు. గా డాక్టరమ్మ స్వామిని చూసిందా అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

కొబ్బరి నీళ్ల మాట ఒక్కటి అంటే అక్కడితో అయిపోయేది. అది ఆమె నోట రాలేదు. అన్నాక ఆయనకు ఇంక ఏం మిగులుతుందని ఆలోచించింది.

దీపతో చెప్పింది. దీప చంటివాణ్ణి ఒళ్లో వేసుకుని జోకొట్టింది. తర్వాత, “అమ్మా, మా అత్తమ్మ ఇప్పుడు నన్ను స్వామి బిడ్డ అంటది. ఇంతకు ముందు ఏమనేదో నీకెప్పుడు చెప్పలేదు. మల్ల గా మాట అనిపియ్యకు,” అంది. నాన్నను చప్పుడు చేయకుండా దవాఖానకు తీసుకుపొమ్మంది. రెక్క పట్టి తోలుకపోవడానికి ఆయన ఏమన్నా మేకా అని వెంకటనర్సమ్మ అడిగిందట. దీప నవ్వబోయి ఏడ్చింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

ఈ ఏడు దసరా వెళ్లాక, ఒక పూట సెలవు పెట్టి, వెంకటనర్సమ్మ రామంతాపూర్ బస్సెక్కింది. హన్మయ్య షాపులో ఒక సైకిలు చక్రాన్ని స్టాండుకు బిగించి, తిప్పుతూ, వంకర ఎక్కడుందో చూసి, పుల్లలు బిగిస్తున్నాడు. ఆమె నిలబడే చెప్పింది. తాగుడు, శుక్రవారం రాత్రి, ఆదివారం సాయంత్రం, తడిసిన లుంగీ, చెంబు, డాక్టరమ్మ కాగితం. చెబుతున్నంతసేపు ఆయన చక్రం తిప్పుతూనే ఉన్నాడు, తలెత్తలేదు. కాగితం ఇస్తే చేతికి గ్రీజు ఉందని, పక్కన స్టూలు మీద పెట్టమన్నాడు.

“కొబ్బరి నీళ్లు పోసింది నువ్వేనా?”

“నేనే.”

“మూడుసార్లు?”

“మూడుసార్లు.”

“సరే. ఇంటికి పో చెల్లె.”

ఎప్పుడూ మాత అనేవాడు చెల్లె అన్నాడు. కోపం వచ్చిందేమోననుకుంది. ఆయన చేతుల మీద పడిన మాల అది. ఆయన ముందు నిలబడి పాడిన శరణాల నడుమ జరిగింది అది. బస్సులో ఉప్పల్ దాకా పోయి, దిగాల్సిన చోట దిగక, మళ్లీ వెనక్కి రావలసి వచ్చింది. ఎవరికి చెప్పినా చెప్పకపోయినా తాను ఒక్కతేనని ఆ బస్సులో తెలిసిందట. ఎందుకు అట్లా అనిపించిందో ఆమె వివరంగా చెప్పలేదు. చిక్కుడుకాయ ఈనె ఒకటి గోరుకు చుట్టుకుంటే విప్పుకుంటూ కూర్చుంది.

నాలుగో రోజు సాయంత్రం హన్మయ్య వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ ఈ ఇంటికి రాలేదు. ఇదిగో, నేను కూర్చున్న ఈ గడప మీదే కూర్చున్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు. కొమురెల్లి అప్పుడే బయటికి పోబోతూ చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆ మాటలు నాకూ వినబడ్డాయి. గోడ ఇవతల నుంచి, ఈసారి కావాలనే విన్నాను.

“కొమురెల్లీ, నా చేతుల మీద మస్తు మందికి మాలలు ఏసిన. తాగెటోళ్లను ఒక్క దినంల ఆపుమన్న. అది తప్పని నాకు తెల్వదు. ఇప్పుడు తెలిసింది. ఈసారికెల్లి తాగేటోడు ఎవడైనా సరే, ముందు దవాఖానల ఆపుకోని రావాలె, గప్పుడే మాల. నీతోనే మొదలు. నేను తోలుకపోత.”

కొమురెల్లి ఏదో అన్నాడు. కార్తీకం వచ్చేసింది, పడిపూజకు చెంగిచెర్లలో అందరూ ఎదురుచూస్తుంటారు అన్నట్టు వినబడింది.

“చూడనీ. స్వామి యాడికి పోడు. ఏడాది ఆగుతడు. నీ పెయ్యిల పానం ఆగుతదా?”

ఆమె తన షాపుకు వచ్చిన సంగతి హన్మయ్య చెప్పలేదు. పూనకం మాట ఎత్తలేదు. ఫిట్స్ మాట ఎత్తలేదు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

తర్వాత జరిగింది నాకు వినబడలేదు. చాలా మెల్లగా మాట్లాడుకున్నారు కాబోలు. దాన్ని వెంకటనర్సమ్మ ఈ రోజే చెప్పింది. కాయలన్నీ అయిపోయాయి. ఖాళీ ఒడిని రెండు చేతులతో దులుపుకుంది.

“చెప్పులు ఇడిసి లోపటికొచ్చిండు. గీడ కూసున్నడు. కొబ్బరి నీళ్ల సంగతి గురుస్వామికి చెప్పినవా అని అడిగిండు.”

ఆమె గిన్నెను పక్కకు జరిపింది.

“నీకు తెలుసా అని అడిగిన. లుంగీ నాది గాదా అన్నడు.”

బయట ఏదో ఫ్యాక్టరీ సైరను మోగింది. షిఫ్టు మారే వేళ.

“మూడేండ్లు తమ్మీ. ఒక్క ఇంట్ల. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నేను దాచిపెట్టిన్ననుకున్న. ఆయన నా కోసం దాచిపెట్టిండో, ఆయన కోసం దాచుకున్నడో. నాకు చెప్పుకుంటే నేనేమన్న అందునా? ఏమన్న అనేదాన్నేమో. ఆయనకు గా ఒక్కటే ఉండె.”

మరునాడు పొద్దున కొమురెల్లి తానే రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. నల్లవి పెట్టుకోలేదు. సందుగులోంచి తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టాడు. చేతులు వణుకుతుంటే దవాఖానకు చేరేదాకా తట్టుకోడని హన్మయ్య డాక్టర్‌ను ముందే అడిగి, ఏం చేయాలో కనుక్కుని వచ్చాడు. ఇద్దరూ షేర్ ఆటోలో వెళ్లారు. ఆమె చెప్పులేసుకుని గేటు దాకా వచ్చింది. ఆయన వెనక్కి చూడకుండానే, నువ్వు రాకు అన్నాడు. ఆమె అక్కడే ఆగిపోయింది. కాగితాల మీద ఆయనే సంతకం చేశాడని హన్మయ్య తర్వాత చెప్పాడు. బలవంతం ఏమీ లేదట.

మొదటి నాలుగు రోజులు కష్టంగా గడిచాయట. గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నాడట. ఫిట్స్ మాత్రం రాలేదు. ఇప్పుడు రెండు పూటలా తింటున్నాడు. డాక్టర్లు కూర్చోబెట్టి మాట్లాడిస్తుంటే వింటున్నాడు. ఇంకో పది రోజులు ఉంచుతారు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి గోలీలు, పోవడం, రావడం ఉంటాయన్నారు. హన్మయ్య రోజు విడిచి రోజు పోయి వస్తున్నాడు. పోయిన ఆదివారం చెంగిచెర్లలో పడిపూజ అయింది. స్వామి ఎందుకు రాలేదని అడిగితే, ఒంట్లో బాగా లేదని దీప చెప్పిందట. ఫోన్లో తల్లితో ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేసింది.

ఆమె గురించి ఆయన అడిగాడా అని హన్మయ్యను ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఆయనే చెప్పేవాడు కదా.

“పోవాలనుంటది. కంపెనీకెల్లి ఇంటికొస్తాంటే బస్సు ఎక్కుదామా అనిపిస్తది. రావద్దన్నడు. నేను పోతే నన్ను చూసినప్పుడల్ల ఆయనకు గా లుంగీనే యాదికొస్తది.”

గిన్నెలోకి చూసింది. నిండా చిక్కుడు ముక్కలు. నలుగురు తినేంత. సగం తీసి ఒక కవరులో పోసి, రేపు వండుకో అని నా చేతికి ఇచ్చింది. నేను లేచాను. ఆయనకు ఏమన్నా పంపుతావా, బట్టలో, తినేదో, అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నేను వాకిలి దాటాక వెనక నుంచి పిలిచింది.

“అన్నీ అక్కడనే ఇస్తున్నరట. మంచం నంబరుతోటి పిలుస్తరట, ఇరవై రెండు, ఇరవై రెండు అని. నువ్వు రేపు పోయినంక, లోపటికి అడుగు పెట్టంగనే, చుట్టున్నోళ్లందరు ఇనేటట్టు ఒక్కసారి స్వామీ అని పిలువు తమ్మీ. నేను చెప్పిన్నని అనకు.”